బండి పోవడం కాదు, ఆగడం ముఖ్యం

శృంగవరపుకోట దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక తల్లి. ఆమెకు ఒక్కడే కొడుకు. కొడుకు కారు నడుపుతాడు. పాత కారే. కిరాయికి తిప్పుతాడు. అరకు చూడ్డానికి వచ్చేవాళ్ళను ఎక్కించుకుని కొండ మీదికి తీసుకెళ్తాడు. సాయంత్రం కిందికి తీసుకొస్తాడు.

ఆ కారు కొనడానికి తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. సంఘంలో ఉన్న ఆడవాళ్ళంతా కలిసి సంతకం పెట్టారు. నెలనెలా వాయిదా కట్టాలి. ఒక నెల తప్పితే మిగతావాళ్ళ మీద పడుతుంది.

ఒకరోజు కొడుకు ఒక డబ్బా తెచ్చాడు. అందులో ఎర్ర రంగు ఉంది.

"ఏట్రా అది?" అంది తల్లి.

"బ్రేకులకు రంగు వేస్తానమ్మా. టౌనులో కుర్రాళ్ళు అందరూ వేస్తున్నారు. చక్రం సందులోంచి ఎర్రగా కనబడుతుంది. చూడ్డానికి బాగుంటుంది. ఇంకో మాట. సంఘంలో ఇంకొంచెం అప్పు అడుగమ్మా. పాత బ్రేకులు తీసేసి పెద్ద బ్రేకులు వేయిస్తాను."

తల్లి వెంటనే అవునని అనలేదు. కాదనీ అనలేదు. "రంగు సంగతి తర్వాత. అసలు బ్రేకు అంటే ఏటో నాకు చెప్పు. అప్పు అడగాల్సింది నేను. సంఘంలో నలుగురూ అడుగుతారు. నేను చెప్పాలి కదా" అంది.

కొడుకుకు నడపడం తెలుసు. చెప్పడం తెలియదు. ఇద్దరూ కలిసి కారు మేస్త్రీ షెడ్డుకు వెళ్ళారు.

బ్రేకు ఎలా పని చేస్తుంది?

మేస్త్రీ వయసు మళ్ళినవాడు. "కూర్చో అక్కా" అని స్టూలు వేశాడు. తర్వాత ఇలా అడిగాడు.

"చిన్నప్పుడు చింతపిక్కను గచ్చు మీద రుద్ది, పక్కవాళ్ళ చేతికి చురక పెట్టేవాళ్ళం. గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు!" అంది తల్లి.

"అదే బ్రేకు. రుద్దితే వేడి పుడుతుంది. పరుగెత్తే బండిలో బలం ఉంటుంది. ఆ బలాన్ని రుద్ది రుద్ది వేడిగా మారిస్తే బండి ఆగుతుంది. వేడి గాలిలోకి పోతుంది."

కారులో బ్రేకులు రెండు రకాలు.

ఒకటి డిస్కు బ్రేకు. డిస్కు అంటే ఇనుప పళ్ళెం. అది చక్రంతో పాటు తిరుగుతుంది. దానికి రెండు పక్కలా రెండు ప్యాడ్లు ఉంటాయి. ప్యాడ్లను పట్టుకుని ఒక ఇనుప పట్టకారు ఉంటుంది. దాని పేరు కాలిపర్. మనం బ్రేకు తొక్కితే ఆ పట్టకారు బిగుస్తుంది. ప్యాడ్లు పళ్ళేన్ని రెండు వైపులా నొక్కుతాయి.

రెండోది డ్రమ్ము బ్రేకు. డ్రమ్ము అంటే బోర్లించిన గిన్నె లాంటిది. దాని లోపల రెండు షూలు ఉంటాయి. అవి కొడవలి లాగా వంపు తిరిగి ఉంటాయి. బ్రేకు తొక్కితే షూలు విచ్చుకుంటాయి. డ్రమ్మును లోపలి నుంచి రాసుకుంటాయి.

పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. తర్వాత వచ్చిన చాలా చిన్న కార్లలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు పెట్టారు. ఎందుకు? బ్రేకు వేస్తే బండి ముందుకు తూగుతుంది. బస్సులో నిలబడితే మనం ముందుకు పడతాం కదా, అలాగే. అందుకని ముందు చక్రాల మీద ఎక్కువ బరువు పడుతుంది. ముందు బ్రేకులకు ఎక్కువ పని. డిస్కు గాలి తగులుతూ తెరిచి ఉంటుంది. తొందరగా చల్లారుతుంది. డ్రమ్ము మూత పెట్టిన గిన్నె. వేడి లోపలే ఉండిపోతుంది.

కాలి బలం చక్రానికి ఎలా వెళ్తుంది?

"నేను ఇక్కడ తొక్కితే అక్కడ చక్రం దగ్గర ఎలా బిగుస్తుంది తమ్ముడూ? మధ్యలో తాడు ఉందా?" అని తల్లి అడిగింది.

తాడు కాదు. నూనె. దాన్ని అందరూ బ్రేకు ఆయిలు అంటారు. నిజానికి అది మామూలు నూనె కాదు. వేరే రకం ద్రవం.

రెండు ఇంజక్షన్ సిరంజిలు తీసుకోండి. వాటిని సన్నటి గొట్టంతో కలపండి. లోపల నీళ్ళు నింపండి. ఒక సిరంజిని నొక్కితే రెండోది బయటికి వస్తుంది. ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. ఈ సంగతిని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాస్కల్ 1600ల్లోనే కనిపెట్టాడు. మొదటి సిరంజి సన్నగా, రెండోది లావుగా ఉంటే ఇంకో లాభం. తక్కువ బలంతో నొక్కినా అవతల ఎక్కువ బలం వస్తుంది. కారులో అందుకే మనిషి కాలుతో తొక్కితే అంత బరువైన బండి ఆగుతుంది.

ఇప్పుడు సిరంజిలో కొంచెం గాలి ఉంచి నొక్కండి. ఏమవుతుంది? గాలి నలుగుతుంది. రెండో సిరంజి సరిగా కదలదు. బ్రేకు గొట్టంలో గాలి చేరినా ఇదే జరుగుతుంది. పెడలు మెత్తగా లోపలికి పోతుంది. బండి ఆగదు.

ఉప్పు చెమర్చినట్టు

మేస్త్రీ బానెట్ ఎత్తాడు. బ్రేకు ఆయిలు ఉండే చిన్న డబ్బా చూపించాడు. దాని మీద రెండు గీతలు ఉన్నాయి. పై గీత, కింది గీత. ఆయిలు ఈ రెండింటి మధ్యన ఉండాలి. లోపల ఆయిలు నల్లగా ఉంది.

"ఎప్పుడు మార్చావు?" అని కొడుకును అడిగాడు.

"తగ్గితే పోస్తున్నాను" అన్నాడు కొడుకు.

"పోయడం కాదు. మార్చాలి."

వానాకాలంలో ఉప్పు చెమరుస్తుంది. మూత సరిగా పెట్టకపోతే నీళ్ళు కారుతుంది. బ్రేకు ఆయిలుదీ అదే గుణం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తీసి ఉంచిన డబ్బాలో ఇంకా తొందరగా పీల్చుకుంటుంది.

నీళ్ళు చేరితే ఏం నష్టం? కొత్త ఆయిలు చాలా వేడికి గానీ మరగదు. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి. డాట్ 4 రకం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి. తేమ పీల్చుకున్నాక ఆ శక్తి బాగా తగ్గిపోతుంది. డాట్ 3 అయితే 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి కూడా గాలి లాంటిదే. నొక్కితే నలుగుతుంది. ఘాటీలో దిగుతూ దిగుతూ ఉంటే బ్రేకులు కాలిపోయేంత వేడెక్కుతాయి. ఆయిలు మరుగుతుంది. పెడలు ఒక్కసారిగా కిందికి పోతుంది.

అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి అనంతగిరి మీదుగా దిగే దారి అంతా మలుపులే. కొడుకు వారానికి నాలుగైదు సార్లు ఆ దారిన దిగుతాడు. తల్లి ఆ నల్లటి ఆయిలు వంక చూసింది. ఏమీ మాట్లాడలేదు. ఆమె చెయ్యి మాత్రం కొడుకు భుజం మీదికి పోయింది.

ఆయిలు డబ్బా మూత మీద ఒక అంకె ఉంది. "అంకె చదువు అక్కా" అన్నాడు మేస్త్రీ. తల్లి కళ్ళు చిన్నవి చేసి చూసింది. "మూడు" అంది. షెడ్డులో సగం వాడిన ఇంకో డబ్బా ఉంది. దాన్ని పోద్దామని కొడుకు అన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఎప్పుడు తెరిచామో తెలియదు. తెరిచిన డబ్బా వద్దు. కొత్తది, సీలు ఉన్నది తే" అన్నాడు.

బ్రేకు ఆయిలు గురించి నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

1. మూత మీద ఏ అంకె ఉంటే ఆ రకమే పోయాలి.
2. ఇంజను ఆయిలు, కిరోసిన్, వంటనూనె ఎప్పుడూ పోయకూడదు. లోపలి రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి.
3. చాలా కార్లకు 2 ఏళ్ళకు ఒకసారి ఆయిలు మార్చాలి. కారుతో ఇచ్చే పుస్తకంలో ఆ సంగతి రాసి ఉంటుంది.
4. ఇది విషం. పిల్లలకు అందనివ్వకండి. కారు రంగు మీద పడితే రంగు ఊడిపోతుంది. వెంటనే నీళ్ళతో కడగాలి.

స్కేలుతో కొలత

మేస్త్రీ ముందు చక్రం విప్పాడు. ప్యాడ్లు బయటికి తీశాడు. ప్యాడుకు వెనక ఇనుప రేకు ఉంటుంది. దాని మీద అంటించిన గట్టి పొర ఉంటుంది. ఆ పొరే అరిగేది.

తల్లి సంచిలో మనవరాలి స్కేలు ఉంది. రాత్రి బడిలో గీతలు గీసుకోవడానికి ఆమె తీసుకెళ్ళేది. ఆ స్కేలు బయటికి తీసింది. పొరను కొలిచింది. సెంటీమీటరులో 10 చిన్న గీతలు ఉంటాయి. ఒక్కో గీత ఒక మిల్లీమీటరు.

"ఇటు పక్కది ఆరు గీతలు. అటు పక్కది రెండే గీతలు" అంది.

కొత్త ప్యాడులో పొర దాదాపు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. అంతకంటే అరిగితే ఇనుము ఇనుమును రాస్తుంది. డిస్కు చెడిపోతుంది. అప్పుడు ఖర్చు రెండింతలు. ప్రాణానికి ముప్పు వేరే.

ఒకే చక్రంలో ఒక ప్యాడు ఆరు, ఇంకొకటి రెండు. ఎందుకలా? కాలిపర్ రెండు కడ్డీల మీద అటూ ఇటూ జరగాలి. ఆ కడ్డీలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. దాంతో ఒక ప్యాడే పని చేస్తోంది. రెండోది ఊరికే కూర్చుంది.

మేస్త్రీ నవ్వాడు. "ఇద్దరు కావిడి మోయాలి. ఒకడే మోస్తున్నాడు. ఆ ఒకడూ అరిగిపోయాడు" అన్నాడు.

కడ్డీలు శుభ్రం చేసి, వాటికి పనికొచ్చే గ్రీజు రాశాడు. కొత్త ప్యాడ్లు వేశాడు. ఒక పక్కనే కాదు. ముందు రెండు చక్రాలకూ వేశాడు. ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

తర్వాత పాత ఆయిలు తీసి కొత్తది పోశాడు. గాలి కూడా తీయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. తల్లినే సీటులో కూర్చోబెట్టాడు. ఆమె ఎప్పుడూ ఆ సీటులో కూర్చోలేదు.

"తొక్కక్కా. తొక్కి పట్టు." మేస్త్రీ చక్రం దగ్గర చిన్న మర వదులు చేశాడు. దానికి తగిలించిన గొట్టంలోంచి ఆయిలు సీసాలోకి వచ్చింది. ఆయిలుతో పాటు బుడగలు వచ్చాయి. మర బిగించాడు. "ఇప్పుడు వదులు." మర బిగించకముందే కాలు వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. అందుకే ఇద్దరూ మాట కలుపుకుని చేయాలి. బుడగలు రావడం ఆగేదాకా అలా చేశారు. చివరికి పెడలు కాలికి రాయిలా గట్టిగా తగిలింది.

"ఇందాక మెత్తగా ఉంది. ఇప్పుడు గట్టిగా ఉంది" అంది తల్లి.

"ఆ తేడా తెలిసిందంటే నీకు సగం పని వచ్చినట్టే" అన్నాడు మేస్త్రీ.

పెద్ద బ్రేకులు కావాలా?

కొడుకు అసలు మాట అడిగాడు. "మేస్త్రీ, పెద్ద డిస్కులు వేయిస్తే ఇంకా బాగా ఆగుతుంది కదా?"

మేస్త్రీ ఇలా చెప్పాడు.

చక్రాన్ని ఆపేది బ్రేకు. బండిని ఆపేది టైరు. టైరు రోడ్డును పట్టుకోవాలి. అరిగిన టైరుకు పట్టు ఉండదు. ఎంత పెద్ద బ్రేకు వేసినా చక్రం ఆగిపోయి బండి జారుతుంది. పెద్ద డిస్కులు వేడిని బాగా తట్టుకుంటాయి. ఆ మాట నిజమే. కానీ అవి ఈ కారు చక్రంలో పట్టకపోవచ్చు. పైగా ముందు బ్రేకుకు, వెనక బ్రేకుకు ఒక లెక్క ఉంటుంది. కంపెనీవాళ్ళు ఆ లెక్క చూసి పెడతారు. మనం ఒకటి మారిస్తే ఆ లెక్క తప్పుతుంది.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. తయారు చేసినవాళ్ళు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని సొంతంగా మార్చకూడదని అది చెబుతుంది.

మరి బ్రేకులు మెరుగు చేయడం అంటే ఏమిటి? మంచి ప్యాడ్లు. కొత్త ఆయిలు. పగుళ్ళు లేని గొట్టాలు. జరిగే కడ్డీలు. పట్టు ఉన్న టైర్లు. ఇవన్నీ ఉంటే కారు మొదటిరోజు ఎలా ఆగిందో అలా ఆగుతుంది. ప్యాడ్లు కొనేటప్పుడు బిల్లు అడగండి. చౌకగా వస్తున్నాయని పేరు లేని సరుకు కొనకండి.

అప్పు అవసరం లేదని తల్లికి అర్థమైంది. పెద్ద బ్రేకులకు అడగబోయిన డబ్బు మిగిలింది. అరిగిన టైర్లు రెండు మార్చాలని మాత్రం తేలింది.

ఇక రంగు

"రంగు వేయనిస్తావా అమ్మా?" అని కొడుకు మెల్లగా అడిగాడు.

తల్లి మేస్త్రీ వైపు చూసింది. "రంగు వేయడం తప్పు కాదక్కా. తుప్పు పట్టకుండా కాపాడుతుంది. రంగు వేయాలంటే ముందు మట్టి అంతా తోమాలి. తోమితే లోపాలు కనబడతాయి. కానీ ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలియాలి" అన్నాడు.

ఆదివారం ఇంటి ముందు పని మొదలైంది. ఆ పని ఇలా చేశారు.

1. బండిని చదునైన నేల మీద నిలిపారు. చేతి బ్రేకు వేశారు. గేరులో పెట్టారు. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టారు.

2. బండి నేల మీద ఉన్నప్పుడే ముందు చక్రం నట్లు కొంచెం వదులు చేశారు. తర్వాత జాకీతో ఎత్తారు. జాకీ ఎత్తడానికే. మోయడానికి కాదు. జాకీ జారితే మనిషి నలిగిపోతాడు. అందుకని మేస్త్రీ దగ్గర ఇనుప స్టాండు అడిగి తెచ్చి పెట్టారు. ఇటుకలు పెట్టకూడదు. అవి పగిలిపోతాయి. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికి తోశారు. స్టాండు జారినా అది అడ్డుగా ఉంటుంది. ఎవరూ బండి కిందికి దూరలేదు.

3. కాలిపర్‌ను తడిగుడ్డతో తుడిచారు. సబ్బునీళ్ళతో, తీగె బ్రష్షుతో తోమారు. బ్రేకు దుమ్మును నోటితో ఊదకూడదు. గాలి పంపుతో ఊదకూడదు. పొడి చీపురుతో ఊడవకూడదు. పాత రోజుల ప్యాడ్లలో, లైనర్లలో ఆస్బెస్టాస్ కలిపేవారు. సిమెంటు రేకుల్లో వాడేది అదే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత క్యాన్సర్ రావచ్చు. ప్యాడులో ఏం కలిపారో చూసి చెప్పలేం. అందుకని అన్ని బ్రేకుల దుమ్మునూ తడిపి తీయాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

4. బాగా ఆరనిచ్చారు. తర్వాత రంగు తగలకూడని చోట్ల టేపు అంటించారు. పాత పేపరు చుట్టారు. ఆ చోట్లు ఇవి: డిస్కు, ప్యాడ్లు, రబ్బరు తొడుగులు, ఆయిలు గొట్టం, గాలి తీసే మర, కాలిపర్ జరిగే కడ్డీలు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ప్యాడు మీద రంగు పడితే అది జారుతుంది. మర మీద రంగు పడితే అది బిగుసుకుపోతుంది.

5. కాలిపర్‌కు పలుచగా రంగు వేశారు. ఆరాక మళ్ళీ పలుచగా వేశారు. ఒకేసారి మందంగా వేస్తే కారిపోతుంది. రంగు వాసన తలకు ఎక్కుతుంది. అందుకని ఆరుబయట వేశారు. దగ్గర్లో పొయ్యి వెలిగించలేదు. బీడీ ముట్టించనివ్వలేదు.

అయితే కొడుకు తెచ్చిన మొదటి డబ్బాను వాడలేదు. అది తలుపులకు వేసే రంగు. పొయ్యి పక్క గోడకు వేసిన రంగు ఎలా పొక్కి ఊడుతుందో ఆడవాళ్ళకు తెలుసు. బ్రేకు అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. వేడిని తట్టుకునే రంగు వేరే ఉంటుంది. అది తెచ్చి వేశారు. మొదటి డబ్బాతో తల్లి ఇంటి తలుపుకు రంగు వేయించింది.

తోముతున్నప్పుడు ఒక సంగతి బయటపడింది. కుడి పక్క రబ్బరు గొట్టానికి సన్నటి పగుళ్ళు ఉన్నాయి. మట్టి పట్టి ఉన్నంతకాలం అవి కనబడలేదు. మొదట చూసింది తల్లే. "ఒరే, ఇది చెప్పు తెగే ముందు పగిలినట్టు పగిలింది చూడు" అంది. కొడుకు వంగి చూశాడు. అతని మొహం మారిపోయింది. మర్నాడు పొద్దున్నే కిరాయి ఉంది. అతను ఫోను చేసి రాలేనని చెప్పాడు. ఇంట్లో ఆ పని చేయలేదు. మేస్త్రీని పిలిచారు. ఆయన వచ్చి గొట్టం మార్చి, మళ్ళీ గాలి తీసి వెళ్ళాడు.

ఇంట్లో చేయకూడనివి

చక్రం విప్పడం, చూడడం, కొలవడం, తోమడం, రంగు వేయడం. ఇవి జాగ్రత్తగా ఇంట్లో చేసుకోవచ్చు. ఆయిలు గొట్టాలు విప్పడం, గాలి తీయడం, డ్రమ్ములు విప్పి షూలు మార్చడం నేర్చినవాళ్ళ పని. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ ఉండాలి. చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు అది. అలాంటి కార్ల బ్రేకులను మరీ జాగ్రత్తగా చూడాలి.

చక్రం బిగించాక కూడా పని అయిపోలేదు. బండి తీసే ముందు పెడలు నాలుగైదు సార్లు తొక్కాలి. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు ఇది తప్పనిసరి. లేకపోతే మొదటి తొక్కుకు బ్రేకు పడదు. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించాలి. పక్కపక్కన బిగించకూడదు. కొంత దూరం తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించి చూడాలి. మొదట ఖాళీ చోట మెల్లగా నడిపి, ఆపి చూడాలి. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకునేదాకా గట్టి బ్రేకులు వేయకూడదు.

నడిపేవాడి చేతిలో

బ్రేకు ఎంత బాగున్నా నడిపే తీరు బాగుండాలి.

గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే ఒక్క సెకనులో 11 మీటర్లు. ఎదురుగా మేక వచ్చింది. చూసి కాలు బ్రేకు మీద వేయడానికి దాదాపు 1 సెకను పడుతుంది. ఆ లోపే బండి 11 మీటర్లు పోతుంది. 80 వేగంలో అయితే 22 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. వేగం రెండింతలైతే ఆ దూరం నాలుగింతలు అవుతుంది. వాన పడితే ఇంకా ఎక్కువ.

ఘాటీ దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకుకు పని తగ్గుతుంది. పెట్రోలు మిగులుతుందని కొందరు న్యూట్రల్‌లో దిగుతారు. ఇంజను కూడా ఆపేస్తారు. ఇంజను ఆగితే బ్రేకుకు ఇంజను ఇచ్చే సాయం పోతుంది. పెడలు రాయిలా అయిపోతుంది. ఎంత తొక్కినా సరిగా పడదు. మిగిలేది పావు లీటరు పెట్రోలు. పోయేది ప్రాణం.

ఈ గుర్తులు కనబడితే బండి ఆపి చూపించండి:

పెడలు మెత్తగా ఉండి లోపలికి పోవడం.
బ్రేకు వేస్తే కీచుమని, గరగరమని చప్పుడు రావడం.
బండి ఒక పక్కకు లాగడం.
చక్రం దగ్గర తడిగా ఉండడం.
కాలిన వాసన రావడం.
ముందు అద్దం కింద ఎర్ర దీపం వెలగడం.

తల్లి నోటు పుస్తకం

తల్లి ఇప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టింది. అందులో నాలుగు గడులు గీసింది. తేదీ. బండి తిరిగిన కిలోమీటర్లు. ఏం మార్చారు. ఎంత అయింది. నెలకు ఒకసారి కొడుకు చేత చక్రం విప్పిస్తుంది. స్కేలు పెట్టి తానే కొలుస్తుంది. రాస్తుంది. ఆయిలు మళ్ళీ ఎప్పుడు మార్చాలో ఆ తేదీ ముందే రాసి, కింద గీత గీసింది.

సంఘం మీటింగులో ఆ పుస్తకం చూపించింది. "అప్పు ఇంకా ఎంత ఉంది?" అని అడిగేవాళ్ళు ఇప్పుడు ఇంకో మాట కూడా అడుగుతున్నారు. "ప్యాడు ఎన్ని గీతలు ఉంది?"

కొడుకు కారు చక్రాల సందులోంచి ఎర్ర రంగు కనబడుతుంది. చూసినవాళ్ళు బాగుందంటారు. సాయంత్రం ఘాటీ దిగి, వీధి మొదట్లో ఆ కారు ఆగిన చప్పుడు వినబడితే తల్లి అన్నం వడ్డిస్తుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో, మీ వీధిలో ఏ ఏ బండ్లు ఉన్నాయి? వాటి బ్రేకులు ఎప్పుడు చూపించారు?
2. బ్రేకు ఆయిలుకూ ఉప్పుకూ పోలిక ఏమిటి?
3. రంగు ఎక్కడ వేయకూడదు? మూడు చోట్లు రాయండి.
4. తల్లి అప్పు ఎందుకు తీసుకోలేదు? మీరైతే ఏం చేసేవారు?
5. స్కేలు తీసుకుని మీ చేతి గాజు మందం కొలవండి. ఎన్ని మిల్లీమీటర్లు ఉందో రాయండి.